చలికాలం ఫ్లూ – ఇంటిల్లిపాదికీ రక్షణ

(స్వర్ణోత్సవాల ప్రారంభ సభలో, సంక్రాంతి సెలవుల్లో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, అందరికీ పనికొచ్చే విషయం మీద ఓ ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. కరెంటు ఆదా గురించి చెబుతాననుకున్నారు. నేను ఫ్లూ జ్వరం గురించి చెబుతానన్నాను. మన సంఘంలో ఇంతమంది డాక్టర్లు ఉండగా ఇంజనీరు జ్వరం గురించి మాట్లాడటమేమిటని మీకూ అనిపించవచ్చు. దానికి సమాధానం ముందే చెప్పేస్తాను. ముప్ఫై ఏళ్లుగా నేను విద్యుత్ సబ్‌స్టేషన్లలో చేస్తున్న పనిని మా వాళ్లు 'ప్రొటెక్షన్' అంటారు. అంటే రక్షణ. లైను మీద చెట్టు పడినా, పిడుగు పడినా ఆ దెబ్బ ట్రాన్స్‌ఫార్మర్‌ దాకా రాకుండా, ఊరంతా చీకటి కాకుండా చూడటం. రోగం వచ్చాక మందు సంగతి డాక్టరే చెప్పాలి. రాకుండా కాపలా ఎలా పెట్టుకోవాలి, వస్తే ఒక్క గదిలోనే ఎలా ఆపాలి అన్న ఆలోచన మాత్రం మా పనికి చాలా దగ్గరగా ఉంటుంది. అందుకే ధైర్యం చేశాను.

ఇంకో కారణం ఈ పండగే. ఈ వారంలో మన ఊరి జనాభా ఎంత పెరుగుతుందో మీకు తెలుసు. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, చెన్నై నుంచి, కొందరు అమెరికా నుంచి కూడా వస్తారు. తలుపులు బిగించిన ఏసీ బస్సుల్లో, రైళ్లలో రాత్రంతా ప్రయాణం చేసి, పొద్దున్నే దిగి నేరుగా అమ్మానాన్నల దగ్గరకు వెళతారు. మనవలు పరుగున పోయి తాతయ్య మెడకు చుట్టుకుంటారు. ఇరవై మంది ఒకే హాల్లో కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. సంతోషమే. కానీ మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు పెరుగుతుంది. వానలప్పుడు, ఆ తర్వాత ఒకసారి, జనవరి నుంచి మార్చి మధ్య మరోసారి. అంటే ఏడాదిలో అందరం ఒకచోట కలిసే వారమూ, ఫ్లూ తల ఎత్తే నెలా ఒకటే. మనం ఎవరిని చూడటానికి ఇంత దూరం వస్తామో, ఈ జ్వరం వల్ల ఎక్కువ ప్రమాదం కూడా వాళ్లకే. నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఫ్లూ అంటే ఏమిటో చూద్దాం. మనం తుమ్మినా ఫ్లూ అంటాం, ముక్కు కారినా ఫ్లూ అంటాం. పడిశం వేరు, ఫ్లూ వేరు. పడిశం మెల్లగా మొదలవుతుంది. గొంతులో గరగర, ముక్కు కారడం, నాలుగు రోజుల చికాకు, అంతే. ఫ్లూ అలా కాదు. మధ్యాహ్నం దాకా బాగానే తిరిగిన మనిషి సాయంత్రానికి మంచం ఎక్కుతాడు. చలి, పెద్ద జ్వరం, ఎముకలు విరిచేసినట్టు ఒళ్లునొప్పులు, తలనొప్పి, పొడి దగ్గు, లేచి నిలబడలేనంత నీరసం. దీనికి ఇన్‌ఫ్లుయెంజా అనే వైరస్ కారణం. ఏ, బీ అని ముఖ్యంగా రెండు రకాలు మనుషుల్లో ఏటా తిరుగుతుంటాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు చాలావరకు వారంలో తగ్గిపోతుంది. దగ్గు, నీరసం మరో వారం రెండు వారాలు ఉండవచ్చు.

'వారంలో తగ్గేదానికి ఇంత హడావుడి ఎందుకు?' అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం మామూలు సంవత్సరాల్లోనే ఏటా 2 లక్షల 90 వేల నుంచి 6 లక్షల 50 వేల మంది ఫ్లూ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోతున్నారు. 2009లో కొత్త రకం హెచ్1ఎన్1, అంటే మనం స్వైన్ ఫ్లూ అన్నది, ప్రపంచమంతా పాకింది. మన దేశంలో దాని మొదటి కేసు ఆ ఏడాది మే నెలలో హైదరాబాదులోనే, అమెరికా నుంచి విమానంలో వచ్చిన ఒక ప్రయాణికుడిలో బయటపడింది. ఆ వైరస్ ఎక్కడికీ పోలేదు. మామూలు ఫ్లూలలో ఒకటిగా మన మధ్యే ఉండిపోయింది. 2015 తొలి మూడు నెలల్లో మళ్లీ విజృంభించి, దేశంలో 30 వేలకు పైగా కేసులు, 2 వేలకు పైగా మరణాలు నమోదయ్యాయి. అప్పుడు తెలంగాణలోనూ చాలా కేసులు వచ్చాయి.

ఆ ఫిబ్రవరిలో మా సబ్‌స్టేషన్‌ ఒక మంచి మనిషిని పోగొట్టుకుంది. నలభై ఎనిమిదేళ్లు. పదేళ్లుగా షుగర్ ఉంది, మందులు వాడుతున్నాడు. పనిలో దిట్ట. ఫీడర్ ట్రిప్ అయిందంటే అన్నం ముందు నుంచి లేచి పరుగెత్తేవాడు. ఆదివారం జ్వరం వచ్చింది. మామూలు జ్వరమేనని మందుల షాపులో బిళ్లలు తెచ్చుకున్నాడు. మూడో రోజు ఇంకేవో యాంటీబయాటిక్స్ వేసుకున్నాడు. ఐదో రోజుకి ఆయాసం మొదలైంది. ఆరో రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి డాక్టర్లు చేయగలిగినదంతా చేశారు. ఇద్దరు పిల్లలు, పెద్దమ్మాయి అప్పుడు ఇంటర్. ఇందులో తప్పు ఎవరిదీ కాదు. షుగర్ ఉన్నవాళ్లకు ఈ జ్వరం వేరని, మొదటి రెండు రోజులే ముఖ్యమని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మనలో ఎంతమందికి తెలుసు? ఈ హాల్లో యాభై దాటిన వాళ్లమే ఎక్కువ. షుగర్ లేనివాళ్లు చేతులెత్తండంటే ఎన్ని చేతులు లేస్తాయో నాకు అనుమానమే.

సబ్‌స్టేషన్‌లో రక్షణ ఏర్పాటు చేసేటప్పుడు మేము మొదట వేసుకునే ప్రశ్న ఒకటుంది: 'ఇక్కడ దెబ్బ తగిలితే తట్టుకోలేనిది ఏది?' ట్రాన్స్‌ఫార్మర్ అయితే దాని చుట్టూనే కాపలా ఎక్కువ పెడతాం. ఇంట్లో కూడా ఆ ప్రశ్నే వేసుకోవాలి. అరవై అయిదు దాటినవాళ్లు, షుగర్, గుండెజబ్బు, ఆస్తమా, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కేన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు, అందులోనూ రెండేళ్లలోపు పిల్లలు – ఫ్లూ ముదిరితే తట్టుకోవడం వీళ్లకు కష్టం. ప్రమాదం ఊపిరితిత్తులకే కాదు. కెనడాలోని ఒంటారియో పరిశోధకులు 2018లో ఒక విషయం ప్రచురించారు. ఫ్లూ అని పరీక్షలో తేలిన తర్వాత మొదటి ఏడు రోజుల్లో గుండెపోటు వచ్చే అవకాశం, అదే మనిషికి మిగతా రోజుల్లో ఉండేదానికంటే ఆరు రెట్లు ఎక్కువట. జ్వరం తగ్గుముఖం పట్టాక హఠాత్తుగా గుండెపోటుతో పోయారన్న మాట మనం వింటుంటాం. రెండింటికీ సంబంధం ఉండవచ్చని చాలామందికి తట్టదు.

ఇంట్లో తట్టుకోలేనివాళ్లు ఎవరో గుర్తించాక, కాపలా ఎలాగో చూద్దాం. మా పనిలో ఒక్క అడ్డంకిని నమ్ముకుని కూర్చోం. ఒక రిలే పనిచేయకపోతే దాని వెనక ఇంకొకటి ఉండాలి. లెక్కల మాస్టారు ఎదురుగానే ఉన్నారు గనుక ఒక చిన్న లెక్క. నూరు వైరస్‌లు వస్తున్నాయనుకోండి. ఒక అడ్డంకి సగమే ఆపుతుంది, యాభై మిగిలాయి. దాని వెనక మరొకటి, అదీ సగమే, ఇరవై అయిదు. అలా నాలుగు అడ్డంకులు దాటేసరికి మిగిలేది ఆరో ఏడో. ఏ ఒక్కటీ గొప్పది కాదు, నాలుగూ కలిస్తే గట్టి కాపలా. ఇది అర్థం కావడానికి చెప్పిన లెక్కే గాని, నిజంగా కొలిచింది కాదు. 'టీకా వేయించుకున్నా మా బావకి ఫ్లూ వచ్చింది, ఇంకెందుకు?' అనేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

మొదటి అడ్డంకి టీకా. ఫ్లూ వైరస్ పైకోటు మార్చుకుంటూ ఉంటుంది. నిరుటి టీకా ఈ ఏటికి చాలదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఏడాదికి రెండుసార్లు కూర్చుని, రాబోయే సీజన్ టీకాలో ఏ రకాలు ఉండాలో సూచిస్తారు – ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో. సరిగ్గా కుదిరిన సంవత్సరాల్లో ఈ టీకా డాక్టరు దాకా వెళ్లాల్సిన ఫ్లూను నూటికి 40 నుంచి 60 వంతులు తగ్గిస్తుంది. అంతేనా అనకండి. వచ్చినా ఆసుపత్రి దాకా, ఐసీయూ దాకా పోకుండా కాపాడటంలోనే దీని విలువంతా ఉంది. 'టీకా వేసుకుంటే దానివల్లే ఫ్లూ వస్తుంది' అని ఒక అపోహ ఉంది. మన దగ్గర చేతికి వేసే ఇంజెక్షన్‌లో బతికున్న వైరస్ ఉండదు, అది జబ్బు తేలేదు. చెయ్యి ఒకరోజు నొప్పి పెట్టవచ్చు, కొంచెం వెచ్చబడవచ్చు.

దీని రక్షణ అందడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. చలికాలం కోసమైతే అక్టోబరు, నవంబరుల్లో వేయించుకోవడం మంచిది. మన వైపు వానాకాలంలోనూ ఫ్లూ ఉంటుంది గనుక కొందరు డాక్టర్లు వానలకు ముందే వేస్తారు. మీ జబ్బులు, మీ ప్రయాణాలు చెప్పి మీ డాక్టరునే అడగండి. ఈ ఏడు వేయించుకోనివాళ్లు జనవరి వచ్చేసిందని వదిలేయక్కర్లేదు, సీజన్ మార్చి దాకా ఉంది. ఆరు నెలలు నిండని పసిబిడ్డకు ఈ టీకా వేయరు. గర్భంతో ఉన్న తల్లికి వేస్తే పుట్టిన బిడ్డకు కూడా కొన్ని నెలలు రక్షణ అందుతుంది. తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారి వేసేటప్పుడు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి. అమెరికాలో ఉంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. అక్కడ సెప్టెంబరు, అక్టోబరుల్లో మందుల షాపులోనే వేస్తారు. డిసెంబరులో ఇండియా టికెట్ బుక్ చేసుకునేటప్పుడు ఇది కూడా ప్రయాణం ఏర్పాట్లలో ఒకటిగా రాసుకోండి. ఇక్కడి నుంచి చలికాలంలో మీ దగ్గరికి వచ్చే అమ్మానాన్నలకు, బయల్దేరే రెండు వారాల ముందే వేయించండి.

బడి సంఘం సభ గనుక జపాన్ సంగతి ఒకటి చెప్పాలి. ఆ దేశంలో 1962 నుంచి బడిపిల్లలకు ఫ్లూ టీకా వేసే కార్యక్రమం నడిచింది. 1987లో దాన్ని తల్లిదండ్రుల ఇష్టానికి వదిలేశారు, 1994లో ఆపేశారు. తర్వాత పరిశోధకులు మరణాల లెక్కలు తీసి 2001లో ప్రచురించారు. పిల్లలకు టీకా వేసిన కాలంలో చలికాలపు మరణాలు బాగా తగ్గాయి, ఆపేశాక మళ్లీ పెరిగాయి. వాళ్ల అంచనా ప్రకారం టీకా వేసిన ప్రతి 420 మంది పిల్లలకు ఒక ప్రాణం నిలిచింది. ఆ నిలిచిన ప్రాణాల్లో ఎక్కువ పెద్దవాళ్లవే. బడిలో పిల్లవాడికి అంటుకోలేదు, అందుకని ఇంట్లో తాతయ్యకు అంటుకోలేదు. ఇక్కడ వెనక వరసలో కూర్చున్న పిల్లలూ, మీరు చిన్నవాళ్లమనుకోకండి, మీ ఇళ్లలో పెద్ద కాపలా మీరే.

రెండో అడ్డంకి గాలి. ఇది నా సొంత సబ్జెక్టుకి దగ్గరది, కాస్త ఓపిక పట్టండి. ఫ్లూ ఉన్న మనిషి దగ్గినా, తుమ్మినా, మాట్లాడినా సన్నని తుంపర్లు వస్తాయి. పెద్దవి నేల మీద పడిపోతాయి. మరీ సన్నవి అగరుబత్తి పొగలా గదిలో తేలుతూ ఉంటాయి. తలుపులు మూసిన గదిలో పొగ ఎలా పేరుకుంటుందో అవీ అలాగే పేరుకుంటాయి. చలికాలంలో మనం చేసే మొదటి పని కిటికీలు మూయడం – చలికి కొంత, దోమలకు కొంత. పైగా చల్లని పొడిగాలిలో ఈ వైరస్ ఎక్కువసేపు బతుకుతుంది.

చాలామందికి తెలియని విషయం ఒకటి చెబుతాను. మన ఇళ్లలో గోడకు ఉండే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు. గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ గదిలోకే వదులుతుంది. సీలింగ్ ఫ్యాన్ కూడా ఉన్న గాలిని కలియబెడుతుందే గాని మార్చదు. గాలి మారాలంటే ఒకవైపు నుంచి రావాలి, మరోవైపు నుంచి పోవాలి. గంటకు కనీసం ఐదుసార్లు గదిలో గాలి మారితే మంచిదని ఇప్పటి సిఫారసు. లెక్క వేద్దాం. పన్నెండు అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గది అంటే 1,680 ఘనపుటడుగుల గాలి. గంటకు ఐదుసార్లు మారాలంటే నిమిషానికి 140 ఘనపుటడుగులు బయటికి పోవాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కొనేటప్పుడు పెట్టె మీద ఈ అంకె రాసి ఉంటుంది, చూసి కొనండి. ఆ ఖర్చు లేకుండానే ఎదురెదురు కిటికీలు నాలుగు వేళ్ల మేర తెరిస్తే చాలా తేడా ఉంటుంది. దోమల బెడద ఉంటే కిటికీలకు మెష్ కొట్టించండి. దోమా రాదు, గాలీ ఆగదు.

గాలి సరిపోతోందో లేదో తెలుసుకోవడానికి చేతిలో పట్టే చిన్న కార్బన్ డయాక్సైడ్ మీటర్లు దొరుకుతున్నాయి. బయటి గాలిలో అది పది లక్షల వంతుల్లో సుమారు 420 వంతులు. మనం వదిలే ఊపిరిలో 40 వేల వంతులు. గదిలో 800 దాటి పెరుగుతోందంటే ఒకరు వదిలిన ఊపిరి మరొకరు పీలుస్తున్నారన్నమాట. ఇదే బడిలో మనం చదువుకున్న పాత గదులు గుర్తున్నాయి కదా. ఎత్తైన పైకప్పు, ఎదురెదురు కిటికీలు, వాటి పైన వెంటిలేటర్లు. నిన్న చూశాను, పావురాలు వస్తున్నాయని సగం వెంటిలేటర్లు అట్టలతో మూసేశారు. దాని సంగతి చివర్లో అడుగుతాను.

మూడో అడ్డంకి ఎవరికి వస్తే వాళ్లను వేరుగా ఉంచడం. సబ్‌స్టేషన్‌లో ఒక ఫీడర్ మీద ఫాల్ట్ వస్తే ఆ ఒక్క బ్రేకరే తెరుచుకోవాలి. మొత్తం ఊరు ఆగిపోకూడదు, ఫాల్ట్ ఉన్న లైను నడుస్తూ ఉండనూ కూడదు. ఇంట్లోనూ అంతే. జ్వరం వచ్చిన మనిషికి వేరే గది ఇవ్వండి. ఆ గది తలుపు దగ్గరగా వేసి, బయటివైపు కిటికీ తెరవండి. వీలైతే ఆ కిటికీలో గాలిని బయటికి తోసే ఫ్యాన్ పెట్టండి. అప్పుడు ఆ గది గాలి హాల్లోకి రాదు. సేవ చేసేది ఒక్కరే చేయాలి. ఆ ఒక్కరు షుగర్ ఉన్న అమ్మమ్మో, గర్భంతో ఉన్న కోడలో కాకూడదు. మన ఇళ్లలో చాకిరీ ఎప్పుడూ వాళ్ల మీదే పడుతుంది గనుక ఈ మాట గట్టిగా చెబుతున్నాను. మగవాళ్లం మనం లేచి గంజి కాచుదాం.

జ్వరం మందు వేసుకోకుండానే ఇరవై నాలుగు గంటలు జ్వరం లేకుండా ఉన్నాకే ఆఫీసుకు, బడికి వెళ్లాలి. ఆ తర్వాత కూడా ఐదు రోజులు పెద్దవాళ్ల దగ్గరికి వెళితే మాస్కు వేసుకోవాలి. మన దగ్గర పెద్ద అడ్డంకి వైరస్ కాదు, మొహమాటం. 'పెళ్లికి రాకపోతే ఏమనుకుంటారో', 'సంవత్సరానికోసారి కలుస్తాం, కొంచెం వేడిగా ఉంటేనేం', 'బిళ్ల వేసుకుని వెళ్లొద్దాం'. ఆ బిళ్ల జ్వరాన్ని తగ్గిస్తుంది, వైరస్‌ను ఇంకొకరికి అంటకుండా ఆపదు.

నాలుగోది చేతులు, మాస్కు. ఫ్లూ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను కరిగించేస్తుంది. ఖరీదైనది అక్కర్లేదు, ఏ సబ్బైనా సరే, ఇరవై సెకన్లు రుద్దాలి. దగ్గేటప్పుడు అరచెయ్యి కాదు, మోచేయి అడ్డం పెట్టాలి. ఇంట్లో దగ్గు ఉన్నవాళ్లు ముందు మాస్కు వేసుకోవాలి, తర్వాత వాళ్ల దగ్గరికి వెళ్లేవాళ్లు. కరచాలనం బదులు మన నమస్కారం ఉండనే ఉంది.

ఇవన్నీ నిజంగా పనిచేస్తాయా అంటే, ప్రపంచమంతా ఒకసారి తెలియకుండానే పరీక్ష చేసి చూసింది. 2020–21 చలికాలంలో మనం కోవిడ్‌కు భయపడి మాస్కులు వేసుకున్నాం, దూరంగా ఉన్నాం, బడులు మూశాం. ఆ ఏడు ప్రపంచంలో ఫ్లూ దాదాపు కనిపించకుండా పోయింది. బీ రకంలో యమగాటా అనే ఒక శాఖ ఉండేది. 2020 మార్చి తర్వాత అది సహజంగా సోకినట్టు ఎక్కడా రుజువు కాలేదు. మళ్లీ బడులు మూసుకోవాలని నేననడం లేదు. జ్వరం ఉన్నవాళ్లు ఇంట్లో ఉండటం, దగ్గే మనిషి మాస్కు వేసుకోవడం, కిటికీ తెరవడం – ఈ మూడూ మాత్రం మిగుల్చుకుందామంటున్నాను.

ఇన్ని కాపలాలూ దాటి ఫ్లూ వచ్చిందనుకోండి. ఇక మిగిలింది సమయం. పెద్ద లైన్లలో ఫాల్ట్ వస్తే సెకనులో పదో వంతులో బ్రేకర్ తెరుచుకోవాలి. ఆలస్యమైతే బ్రేకర్ తెరుచుకున్నా లాభం లేదు, కాలాల్సింది కాలిపోతుంది. ఫ్లూకి ఆ గడువు నలభై ఎనిమిది గంటలు. ఒసెల్టామివిర్ అనే మందు వైరస్ పెరగకుండా చూస్తుంది. లక్షణాలు మొదలైన రెండు రోజుల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. మన కేంద్ర ఆరోగ్య శాఖ హెచ్1ఎన్1 కోసం ఇచ్చిన సూచనల్లో రోగులను మూడు వర్గాలు చేశారు. స్వల్ప జ్వరం, దగ్గు ఉంటే ఇంట్లోనే విశ్రాంతి. జ్వరం, గొంతునొప్పి ఎక్కువగా ఉన్నా, నేను ఇందాక చెప్పిన ప్రమాదం ఉన్నవాళ్లయినా డాక్టరు ఈ మందు మొదలుపెట్టవచ్చు. దానికి పరీక్ష రిపోర్టు దాకా ఆగనక్కర్లేదు. ఆయాసం, ఛాతీనొప్పి, మగత ఉంటే వెంటనే ఆసుపత్రి. ఇంట్లో అరవై అయిదు దాటినవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ఫ్లూ లక్షణాలు కనిపిస్తే 'రేపు చూద్దాం' అనకండి, ఆ రోజే డాక్టరుకు చూపించండి. మందు డాక్టరు రాస్తేనే వాడాలి, షాపులో అడిగి కొనకూడదు. యాంటీబయాటిక్స్ వైరస్ మీద పనిచేయవు. పిల్లలకు, పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు ఫ్లూ జ్వరంలో ఆస్పిరిన్ ఇవ్వనే కూడదు.

పెద్దవాళ్ల విషయంలో ఇంకొకటి. వయసు మీద పడ్డాక ఒంట్లో వైరస్ ఉన్నా పెద్ద జ్వరం రాకపోవచ్చు. 'అమ్మ రెండు రోజుల నుంచి సరిగా తినడం లేదు, ఎప్పుడూ పడుకునే ఉంటోంది, ఏదో సంబంధం లేకుండా మాట్లాడుతోంది' – ఇదే జ్వరంతో సమానం. ఆక్సిజన్ చూసే చిన్న మీటరు కోవిడ్ రోజుల్లో చాలా ఇళ్లలో కొన్నారు. బ్యాటరీ మార్చి అందుబాటులో పెట్టుకోండి. 94 కంటే తగ్గితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. జ్వరం తగ్గి, రెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చి దగ్గు ఎక్కువైతే న్యుమోనియా కావచ్చు, వెంటనే చూపించాలి. పిల్లల్లో ఊపిరి వేగంగా తీయడం, డొక్కలు ఎగరేయడం, పాలు తాగకపోవడం, మూత్రం తగ్గడం ప్రమాద సూచనలు.

మరి మిరియాల చారు, శొంఠి కషాయం, పసుపు పాలు? హాయిగా తాగండి. గొంతుకు ఉపశమనం, ఒంటికి నీరు, మనసుకు అమ్మ చేతి వాసన. అవి వైరస్‌ను చంపుతాయని నమ్మి మాత్రం రెండు రోజులు వృథా చేయకండి. ఆవిరి పట్టేటప్పుడు మరిగే నీళ్ల గిన్నెతో పసిపిల్లలకు ఒళ్లు కాలే ప్రమాదం ఉంది, జాగ్రత్త.

చివరగా మన సంఘానికి నాలుగు విన్నపాలు. మొదటిది, మనకు చదువు చెప్పిన మాస్టార్లు, టీచర్లు ఎక్కడెక్కడ ఉన్నారో, వాళ్ల వయసెంతో, దగ్గరలో ఉన్న బ్యాచ్ ఏదో ఒక జాబితా రాద్దాం. ఏటా అక్టోబరులో మన డాక్టర్ల సలహాతో, వాళ్లు ఒప్పుకుంటే, వాళ్లందరికీ ఫ్లూ టీకా మన ఖర్చుతో వేయిద్దాం. పెద్దలకు ఈ టీకా ఉచిత జాతీయ కార్యక్రమంలో లేదు, బయట కొనాలి. న్యుమోనియా టీకా అవసరమా అన్నదీ అప్పుడే డాక్టర్లను అడుగుదాం. శాలువా కప్పడం మంచిదే, శాలువాతోపాటు ఇదీ ఉంటే ఇంకా మంచిది. రెండోది, ఆ వెంటిలేటర్ల అట్టలు తీసి మెష్ కొట్టిద్దాం. అన్ని గదులకూ అయ్యే ఇనుప వల, పనివాళ్ల కూలీ మా బ్యాచ్ భరిస్తుంది. మూడోది, వచ్చే ఏటి నుంచి ఈ సమావేశాన్ని పందిట్లోనే, ఆరుబయట పెట్టుకుందాం. నాలుగోది, ఆహ్వానపత్రిక మీద ఒక వాక్యం అచ్చువేద్దాం: 'జ్వరం, దగ్గు ఉన్నవారు ఇంటి నుంచే వీడియోలో పాల్గొనవలసిందిగా మనవి.' అలా రాని మిత్రుణ్ని ఎవరూ ఆట పట్టించవద్దు. మన గురువుల మీద గౌరవంతోనే అతను ఆగాడని అనుకుందాం.

ఇక్కడి నుంచి ఇళ్లకు వెళ్లాక ఈ సాయంత్రం ఒక్క పని చేయండి. మీ ఇంట్లో దెబ్బకు తట్టుకోలేనివాళ్లు ఎవరో చూసుకోండి. వాళ్లు పడుకునే గదికి వెళ్లి కిటికీ తెరుచుకుంటుందో లేదో, గాలి వస్తోందో లేదో చూడండి. వాళ్లకు చూపించే డాక్టరు నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో ఉందో లేదో అడగండి. మిగతా కాపలా అక్కడి నుంచి మొదలవుతుంది.